రెండో స్లాట్

ఎర్రగడ్డ ఆదివారం సంతలో
పాత మిక్సీలకూ నల్లాల కుప్పకూ నడుమ
పద్దెనిమిది వందలు చెప్పి పన్నెండు వందలకిచ్చాడు
మూల పగిలిన గేమ్ పెట్టె.
"నడుస్తదా?" అన్నాను.
"నడవకపోతే వచ్చే ఐతారం గిక్కడ్నే ఉంటా."
ఉండడని ఇద్దరికీ తెలుసు.

నడిచింది.
లోపల రెండు ఆటలు,
రెంటిలోనూ ఎవరో ఆడి వదిలేసిన బతుకు.
పేరు కూడా తుడవలేదు:
ఇలియాస్ మూసాపేట.

ఏడుకోటల నేల. ఉప్పుదారి.
రెండింట్లోనూ తిరిగినంత భూమి,
ఒక గుర్రం, ఒక కత్తి, తెమలని పనులు.
ఏది మంచిదక్కా అని ల్యాబులో సుజన్ అడుగుతాడు
రక్తం గొట్టాలకు చీటీలు అంటిస్తూ.
నైట్ డ్యూటీ దిగి వచ్చి
మూడు వారాలుగా తేల్చుకుంటున్నాను.

ఏడుకోటల్లో
ఎటు పోవాలో బంగారు బాణం చెబుతుంది.
ఈల వేస్తే గుర్రం గోడలోంచైనా వస్తుంది.
ఎవరింట్లోనో దూరి కుండలన్నీ పగలగొట్టి
సొరుగులన్నీ ఊడ్చుకుని బయటికొస్తే
ఇంటాయన వాకిట్లో నిలబడి
"శుభోదయం వీరుడా" అంటాడు.
అర్ధరాత్రి కూడా శుభోదయమే.
వాన ఎంత బాగుంటుందో చెప్పలేను.
ఒక్కరూ తడవరు.

ఇలియాస్ అక్కడ రెండొందల పన్నెండు గంటలున్నాడు.
ఏడు కోటలూ గెలిచాడు,
పటం మీద పొగమంచు తునక మిగల్చలేదు,
చేపలు కూడా అన్ని రకాలూ పట్టాడు పాపం.
ఇక చేసేదేం లేక అతని వీరుడు
నలభై పట్టు అంగీలు మోస్తూ
బురుజు మీద నిలబడి ఉన్నాడు.

ఉప్పుదారిలో బాణం లేదు.
అడగాలి.
అడిగితే కొందరు తప్పు చెబుతారు, కావాలని కాదు,
మన అమీర్‌పేటలో చెప్పినట్టు:
"గిట్ల సీదా పోయి ఎవర్నన్న అడుగు."
చెప్పులు అరుగుతాయి. వానకు దీపం ఆరుతుంది.
గుర్రాన్ని కట్టెయ్యకపోతే తెల్లారేసరికి ఉండదు.
రెండుసార్లు మేకలు నేలలోకి దిగిపోయాయి,
అది మాత్రం ఆట చేసినవాళ్ల తప్పే.
మొదటిరోజు కల్లంలో ఎత్తుకున్న రొట్టె గురించి
తొమ్మిదోరోజు ఇంకో ఊళ్లో ఒక పిల్ల అడిగింది,
"మా తాత రొట్టె తిన్నది నువ్వేనా?"
కంట్రోలర్ పక్కన పెట్టి
నీళ్లు తాగొచ్చాను.

ఇలియాస్ ఇక్కడ పదకొండు గంటలే.
రేవు దగ్గర ఆగిపోయాడు.
సంచిలో నాణెం లేదు, ఒక ఉత్తరం ఉంది.
అవతలి ఒడ్డున ఒకావిడకు ఇవ్వాలి,
ఆమె కొడుకు ఉప్పుగనిలో పోయాడని.
పడవవాడు ఒక్క నాణెం అడుగుతాడు.
గుర్రాన్ని అమ్మితే వస్తుంది.
గుర్రానికి అతను పెట్టిన పేరు
లూనా.

ఎందుకాగాడో తెలీదు.
అద్దె కట్టాల్సొచ్చి పెట్టె అమ్మేశాడో,
ఉత్తరం ఇవ్వలేకో,
లూనాను అమ్మలేకో.
భరత్‌నగర్ బ్రిడ్జి మీద బస్సు ఆగినప్పుడల్లా
బండ్ల మీది మొహాలు చూస్తాను.
ఏం చూసి పోల్చుకుంటాను?
నాకు తెలిసింది అతని వీరుడి వీపు ఒక్కటే.

నేను కూడా కౌంటర్లో
రోజుకి అరవై కవర్లు చేతికిస్తాను.
లోపలేముందో తెలిసీ
చిల్లర లెక్కపెడతాను.

సుజన్‌కి నిన్న చెప్పాను:
జ్వరమొస్తే మొదటిది ఆడు, తగ్గాక రెండోది.
నవ్వాడు. "గ్రాఫిక్స్ దేనివి బాగున్నాయో చెప్పక్కా."
మొదటిదానివే అన్నాను.
అబద్ధమెందుకు.

ఈ పొద్దున, పాలు పొంగేలోపు,
ఉప్పు బస్తాలు మూడు రోజులు మోసి
ఒక్క నాణెం సంపాదించాను.
పాతదాని మీద రాయనా, అని అడిగింది ఆట.
వద్దన్నాను.
కింద ఖాళీ గది చూపించింది.

పైన ఇలియాస్ రేవు దగ్గరే ఉన్నాడు.
కింద పడవ కదిలింది.
నీళ్లను చూసి లూనా
ఒక అడుగు వెనక్కి వేసింది.
పేరు మార్చలేదు నేను.