ఏడు నిమిషాలు

దూరపు బడికి ఈతకొలను ఉందట.
మోరగ్ కాగితం మధ్యన నిలువుగీత గీసి
అటు పదకొండు మంచి మాటలు రాసింది,
ఇటు ఒక్కటే: దగ్గర.

ఆదివారం, డండీలో ఎప్పటి ముసురే,
కొండవీధి దిగి నడిచి చూశాం.
నా కాళ్లకి ఏడు నిమిషాలు.
ఇష్బెల్‌కి ఇరవై మూడు:
గోడ మీది నత్తకి పేరు పెట్టాలి,
రొట్టెల కొట్టు అద్దానికి ముక్కు ఆనించాలి,
మూసిన బడిగేటు ఊచల్ని గొడుగుతో
టకటకా మీటుకుంటూ పోవాలి.

కారులో అయితే
వెనకద్దంలో దాని నుదురు మాత్రమే
కనిపిస్తుంది నాకు.

ఇంటికొచ్చాక కాగితం ముందేసుకున్నాను.
ఏం రాయాలో తోచక
"నత్త" అని రాశాను.

మోరగ్ నవ్వలేదు.
పెన్ను అందుకుని, దాని పక్కనే
"మంచు కురిస్తే?" అని రాసింది.