ఎడమ మర

మెట్ల కింద నేలమాళిగలో పెడదామన్నాను సిలిండర్ని.
మంచు తగలదు, దొంగ చెయ్యి తగలదు,
బంగాళాదుంపల బస్తా పక్కన బుద్ధిగా కూర్చుంటుంది.

హినెక్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.
వాళ్ళ నాన్నా నేనూ జెలెజ్నీ బ్రోద్ ఫ్యాక్టరీలో
ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని గాజుపూసలు ఊదినవాళ్ళం,
అందుకని నన్ను కసరలేడు.
కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడంతే.
జిజెరా నది మీది పొద్దుటి పొగమంచు
లోయ అడుగున పడుకుని ఉంది.
ఎండ చర్చి శిఖరం దాకానే దిగింది.

"ప్రొపేనూ అంతే. గాలికన్నా బరువు.
కారితే పైకి పోదు.
మెట్టూ మెట్టూ దిగి మీ దుంపల దగ్గర కూర్చుంటుంది,
మీరు లైటు స్విచ్ నొక్కేదాకా."

పల్లమెరిగేది నీరొక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

సరే, బయటే.
నేలమాళిగ గవాక్షానికి దూరంగా
ఉత్తరపు గోడ వారన సిమెంటు పలక,
దాని మీద నిటారుగా సిలిండర్, నడుముకి గొలుసు.
పైన రేకు, పక్కలకి తలుపుల్లేవు.
చలికి బిగుసుకుపోదా అంటే
"మన ఊరి చలి దానికో లెక్క కాదు" అన్నాడు.
మంట వెనక్కి నడిచి రాకుండా
గొట్టం మొదట్లో ఒక ఇత్తడి కాపలాదారు.

రెగ్యులేటర్ నా చేతికే ఇచ్చాడు, బిగించమని.
అరవై మూడేళ్ళుగా జామ్ సీసాలూ కుళాయిలూ
కుడికి తిప్పి బిగించిన చెయ్యి నాది.
తిప్పుతాను, అది ఊడి వస్తుంది. మళ్ళీ తిప్పుతాను.
హినెక్ నవ్వు మీసంలో దాచుకున్నాడు.
"ఎడమ మరండీ. మండే వాయువుకి మర ఎదురు.
ఆక్సిజన్ గొట్టం పొరపాటున ఇక్కడ తగిలించకుండా."

ఎక్కడో ఎప్పుడో ఎవరో
నాలాంటి తొందరమనిషిని ముందే ఊహించి
ఇత్తడిలో గీసి పెట్టిన జాగ్రత్త.

"ఇక వాసన వచ్చిందంటే వెంటనే..."
అక్కడ ఆపాను అతన్ని.
నాలుగేళ్ళ కిందటి జ్వరం నా ముక్కుని తీసుకుపోయింది, హినెక్.
లిండెన్ పూలు లేవు, మాడిన పాలు లేవు,
చెల్లెలు క్వ్యెతా కోటులో కలరా ఉండలు లేవు.
కుళ్ళిన గుడ్డు పక్కన కూర్చున్నా
పలకరించకుండా లేచి వెళ్ళిపోతాను.

స్పానర్ సంచిలో పెట్టేశాడు.
పని మానేస్తాడేమో అనుకున్నాను.
వాన్ దాకా వెళ్ళి అరచెయ్యంత తెల్ల డబ్బాతో వచ్చాడు.
"అందరికీ ముక్కు మొహం మీద ఉంటుంది.
మీకు చీలమండ దగ్గర పెడుతున్నా."
నేలకి జానెడెత్తులో గోడకి బిగించాడు.
"ఇది అరుస్తుంది. అరిచేదాకా ఆగొద్దు మాత్రం."

గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు,
గడ్డం గీసుకునే పాత కుంచె.
ఒక్కో అతుకు మీదా నురగ పూశాం.
మొదటిది, ఏమీ లేదు.
రెండోది, ఏమీ లేదు.
గొట్టమూ రెగ్యులేటరూ కలిసే చోట
మెల్లగా
ఒక బుడగ.

నలభై ఏళ్ళు బుడగలు ఊది బతికినదాన్ని.
అంచు పలచబడకూడదని, ఒక పక్కకి ఒరగకూడదని
ఊపిరి దారంలా వదిలినదాన్ని.
ఇంత నిండు గుండ్రన నాకెప్పుడూ రాలేదు.
దాని మీద నా కిటికీ, నా ఫ్యాను,
తలకిందులుగా నేను.

"మురిసింది చాలు," అన్నాడు హినెక్, "బిగించండి. ఎడమకి."

మళ్ళీ నురగ. ఈసారి నురగ ఊరికే నురగ.

డబ్బు తీసుకోలేదు, ప్లమ్ జామ్ రెండు సీసాలు తీసుకున్నాడు.
సిలిండర్ వాల్వు మాత్రం
లోకంలో అన్నిటిలాగే కుడికి మూసుకుంటుందని
చెప్పడం మర్చిపోయాడు.
మొదటి సాయంత్రం మంచులో నిలబడి
చాలాసేపు నా రెండు చేతుల్నీ చూసుకున్నాను.

ఇప్పుడు అలవాటైంది.
ముందు బయట వాల్వు కట్టేస్తాను.
లోపలికొచ్చి, గొట్టంలో మిగిలిన కాస్తా
నీలంగా, పొట్టిగా, ఇంకా పొట్టిగా
కాలిపోయేదాకా కూర్చుంటాను.
టప్ మంటుంది.
టార్చి మరలు తిప్పి, ఫ్యాను ఆపబోతూ
వంగి చూస్తాను, కాలి దగ్గర ఆకుపచ్చ చుక్క.

ఏం వాసన వస్తోంది, అని అడుగుతాను దాన్ని.