టెంక పురుగు

గిరింపేటలో మేడమెట్ల కింద నా అంగడి.
లేస్తే తలకు మెట్టు తగులుతాది,
అందుకే నేనెప్పుడూ కూర్చునే ఉంటా.
వచ్చినోళ్లే వంగాల.

జూన్ నెల. చిత్తూరంతా తోతాపురి వాసన.
గుజ్జు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి నేరుగా వచ్చింది మొగిలమ్మ.
కొంగున ముడేసిన ఫోను,
వెనక నాలుగడుగుల ఎడంగా కొడుకు లోహిత్.
"దీనికేదో పట్టిందప్పా" అనింది.
"ఈగల్ని తోలినట్టు తోలతా ఉండా. పోవు."

నిజమే. నా చేతికొచ్చీ రాకముందే
మీరు కారు గెలుచుకున్నారు అనింది.
వద్దని తోసేస్తే
మీ ఫోనులో పదిహేడు వైరస్‌లు అనింది.
మూలన నువ్వుగింజంత ఇంటూ గుర్తు.
నొక్కినాక తెలిసింది,
అది మూసే గుర్తు కాదు, మూసే గుర్తు బొమ్మ.

"కూలి పడినట్టు మెసేజీ వచ్చిందప్పా.
చదువుదామంటే దాని మీదెక్కి ఎవుతో
నాకు అప్పిస్తానంటాది.
నా దుడ్డు నన్ను చూసుకోనీకుండా
నాకే అప్పు!
మా మామ దినాల్లో, పిండం పెట్టే పొద్దులో,
అభినందనలు అని అరిచింది.
అయ్యవారు మంత్రం ఆపి చూసినాడు."

"ఫోనుకు తాళం లేదే?" అన్నా.
పది వేళ్లూ నా బల్ల మీద పరిచింది.
మామిడి సొన తినేసిన వేళ్లు.
గీతల్లేవు.
"రేషను మిషనే నన్ను నేను కాదంటాది,
ఇదేం ఒప్పుకుంటాది."

బటన్ నొక్కిపట్టి సేఫ్ మోడులో తెరిచినా.
ఉన్నట్టుండి నిశ్శబ్దం.
"పొయ్యిందా?"
నిద్దరపోయే బిడ్డ పక్కన మాట్లాడినట్టు అడిగింది.
"పోలేదు. కట్టేసినా, అంతే."

యాపుల వరసలో వేలు జరుపుతా పోయినా.
గడియారం, కాలిక్యులేటరు, కెమెరా,
తర్వాత ఒక ఖాళీ.
బొమ్మ లేదు. పేరు లేదు.
పంక్తిలో ఎవరూ కూర్చోని విస్తరి,
అన్నం మాత్రం తరిగిపోతా ఉండాది.

మొగిలమ్మ వంగి చూసింది.
"టెంక పురుగు" అనింది.
"పిందెలోనే దూరతాది. పైన తొక్క మానిపోతాది.
లారీ ఎక్కేదాకా కాయ నున్నగా ఉంటాది.
కోసినామంటే
టెంకలో నల్లగా, ఇల్లు గలదాని మాదిర కూర్చోనుంటాది."

పదేళ్లుగా ఈ పని చేస్తా ఉండా.
నాకెవరూ ఇంత బాగా చెప్పలేదు.

ముందు దాని చేతిలో అధికారం లాగేసినా.
తర్వాత పెరికేసినా.
పెరికే ముందు, చూడకూడదనుకుంటానే చూసినా:
మే పద్నాలుగు, మధ్యాన్నం రెండూ ఇరవైకి ఎక్కించింది.
దానికి రెండు నిమిషాల ముందు ఒక ఆట,
ఆ ఆటలో వెయ్యి వజ్రాలు ఉచితం.
మే పద్నాలుగున మొగిలమ్మది రాత్రి షిఫ్టు.
పగలు నిద్దరపోయి ఉంటాది.

తలెత్తినా.
పిల్లోడు గోడకు వేలాడే పాత ఛార్జర్లను లెక్కబెడతా ఉన్నాడు.
చెవులు రెండూ ఎర్రగా
ఇటే ఉండాయి.

"ఇంతకీ ఎట్లొచ్చింది ఇది?"
"గాల్లో తిరగతా ఉంటాయి. దానంతటదే వచ్చిండాది."
నా అంగట్లో అబద్ధాలు కొత్త కాదు.
దుడ్లు రాని అబద్ధం ఇదొక్కటే.

యాభై ఇచ్చింది. మెసేజీ తెరిచింది.
ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టి చదివింది.
మళ్లీ చదివింది.
"ఒకదినం కోసేసినారు" అనింది.
ఇప్పుడు దాని మీదికి ఏ కారూ రాలేదు,
ఎవరూ అభినందించలేదు.

"వేలు గుర్తు కుదరదు గదా,
ఈ చుక్కలు కలుపుతా ఒక గీత గీయి.
అదే నీ తాళం" అన్నా.

ముగ్గు ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకున్నట్టు
తొమ్మిది చుక్కల్నీ కాసేపు చూసింది.
గీయబోయే ముందు
నేనేమీ అనలేదు, ఆమే ఏమీ అనలేదు,
పిల్లోడు
రోడ్డు వైపు తిరిగి నిలబడినాడు.