వెనక చక్రం బెండు

జుమ్మా బజారులో, రెక్కలూడిన ఫ్యాన్ల పక్కన
కాళ్లు ముడుచుకున్న మేకలా పడి ఉంది.
ఆరు దినార్లన్నాడు. నేను నాలుగన్నాను.
కాసేపు ఇద్దరం ఎండని చూశాం.
నాలుగున్నరకి ఇచ్చాడు.

ఆడోళ్ల సైకిలు. నడుమ కడ్డీ లేదు.
నుదుట ఇత్తడి బిళ్ల మిగిలింది గానీ
దాని మీది పేరుని ఇసుకగాలి నాకేసింది.
పోతే పోయింది,
మాయమ్మ పేరు మాత్రం ఈ కువైట్‌లో పూర్తిగా ఉందా?
దస్తగిరమ్మ అనడానికి నోరు తిరక్క
రుమైతియాలో ఆ ఇంటోళ్లు
పదిహేడేళ్లుగా దస్తా, దస్తా అంటారు,
అంగట్లో కాగితాలు అడిగినట్టు.

ఒకసారి ఉల్లిగడ్డలు తరుగుతా పంపిన వాయిస్ మెసేజీ:
"తాత అంగట్లో గంటకి పావలా సైకిళ్లు.
పొద్దుగూకి అన్నీ తిరిగొచ్చినాక
ఒకటి నాది."
పన్నెండు సెకన్లు. కత్తి చప్పుడుతో సహా
నాకు కంఠతా వచ్చు.

షువైఖ్‌లో మొఫిజుల్ షెడ్డు.
అతనిది బరిసాల్, నాది రాయచోటి.
మా ఇద్దరి హిందీ కలిపితే
ఒక పానా అడగడానికి సరిపోతుంది.
టైలర్ షాపు తెరిచేలోగా, శుక్రవారం పొద్దున్నే,
ఏడు శుక్రవారాలు.

సీటు గొట్టం ఊడదీసి తలకిందులు చేస్తే
దోసెడు ఇసుక.
తుప్పుకి ఉప్పూ, నల్లటి ఎండు నిమ్మకాయలూ,
అమ్మ ఆ ఇంట్లో చేపల కూరలో వేసేవే.
ఒక గోళీ జారి ఎటో దొర్లిపోతే
సెల్‌ఫోన్ లైటు వేసుకుని
కార్ల కింద మధ్యాహ్నం దాకా పాకాను.
అబాయాలు కుట్టే చేత్తో సీటు తోలు కుట్టాను:
మూడు సూదులు, ఒక గోరు.

పండగ మూడోనాడు ఆమెకి పూట సెలవు.
పైన కప్పిన గుడ్డ లాగి నిలబడ్డాను.
ఏడుస్తుందనుకున్నా.
ఏడవలేదు. సీటు పట్టి వెనక భాగం లేపింది,
చక్రం తిప్పింది,
ఒక కన్ను మూసింది.
"బెండుంది" అనింది.

అంతే. సైకిలు బోర్లా పడింది.
రెండు వేళ్లు తిప్పి చూపిస్తే
మొఫిజుల్‌కి నాకంటే ముందే అర్థమై
పుల్లల తాళం ఆమె చేతిలో పెట్టాడు.
రిమ్ముకి బొటనవేలి గోరు ఆనించి తిప్పింది.
టిక్. టిక్. టిక్.
ఒక్కో పుల్లనీ మీటి, చెవొగ్గి,
పాలు పొంగే ముందు వినేటట్టు వినింది.

"ఎవురు నేర్పినారు మా?"
"నేర్పేదేముంది. ఆ అంగట్లో బెండు తీసేది నేనే గదా.
పెద్దమనిషినైనాక గడప దాటనియ్యలేదు."
తల ఎత్తకుండానే,
"దీన్ని మరీ బిగిస్తే పక్క పుల్లకి కోపమొస్తాది,
నువ్వు అన్నిటినీ ఏడిపించినావు."

పన్నెండు సెకన్లలో నేను విన్నది
తొక్కిన పిల్లని.
తాళం పట్టిన పిల్ల
ఉల్లిగడ్డల వెనకే నిలబడిపోయింది ఇన్నేళ్లూ.

టిక్ ఆగింది. గోరుకీ రిమ్ముకీ మధ్య
అంతటా ఒకటే సందు.
సంచీలోంచి బట్టల క్లిప్పులు తీసి
అబాయా అంచుని మోకాళ్ల పైకి పట్టించింది,
లోపల సల్వార్, రబ్బరు చెప్పులు.
మొఫిజుల్ దారిలోని టైర్లు జరిపాడు.
ఒక చుట్టు. మలుపు దగ్గర తూలింది.
రెండో చుట్టులో తూలలేదు.
గంట కొట్టలేదు, ఎదురుగా ఎవరూ లేరు కదా.

తీసుకుపోవడానికి చోటు లేదు.
ఆ ఇంట్లో ఆమెది మంచం, మంచం కింద జాగా.
సైకిలు ఇక్కడే, ఈ కొక్కేనికి.
బస్సుకి ఇంకా నలభై నిమిషాలుంది.
నేను టీ తెద్దామని లేచాను.

ఆమె చూపు మూలకి పోయింది,
అక్కడ డెలివరీ పిల్లల సైకిళ్లు మూడు
గోడకి చేరగిలపడి ఉన్నాయి.
"ఆ నడిమిది ఎవురిది?" అనింది
చేతులు పైకి మడుస్తా.
"దాన్ని ఇట్లా దొర్లించుకొని రా."