హోరక్స్ కనుమలో

మూడో గేరులో ఎక్కే ఫోర్‌వీల్ బండి
ఇవాళ రెండులోనూ ఆయాసపడింది.
వెనక సీట్లో గొర్రెల మందు పెట్టెలు,
వాటి వెనక నల్లపొగ.
విల్మింగ్టన్ ఇంకా కొండకు అవతలే.

డీజిల్ ఫిల్టర్ పోయిన వారమే మార్చాను.
గాలి ఫిల్టర్ దులిపితే
దోసెడు ఎర్రదుమ్ము, ఒక మిడత రెక్క.
అయినా అంతే.
తిప్పుకుని వచ్చేశాను.

పోర్ట్ అగస్టాలో మెర్విన్ షెడ్డు.
కాసేపు ఇంజన్‌కి చెవొగ్గి, ఆపేశాడు.
"బరువు లేనప్పుడు ఏ బండైనా బాగానే మాట్లాడుతుంది."

గొట్టాల మూతులు బిగించి లోపలికి గాలి కొట్టాడు.
గిన్నెలు తోమే సబ్బునీళ్లు నా చేతికిచ్చి
చల్లమన్నాడు.

ఇంటర్‌కూలర్ గొట్టం అడుగున,
క్లిప్పు చాటున
ఒక బుడగ.
ఆగి, ఇంకోటి.

వెంట్రుకవాసి చీలిక.
టర్బో ఊదిందంతా అక్కడే జారిపోతోంది.
ఊదు కాలదు, పీరు లేవదు అనేవాడు
కదిరిలో మా మస్తాన్ మేస్త్రి.
మెర్విన్‌కి ఎలా చెప్పను? నవ్వి ఊరుకున్నా.

గొట్టానికి అరవై డాలర్లు. సబ్బుకి లెక్క కట్టలేదు.

మళ్లీ కనుమ.
చేతులకింకా నిమ్మకాయ వాసన.
రేడియో ఆపేశాను,
ఎత్తు మొదలయ్యే మలుపులో
ఆ సన్నటి ఈల వస్తుందేమోనని.