వగరు

డండీలో, టే నది మీది పొగమంచు
రైలు వంతెనని సగానికి మింగేసిన పొద్దున
నేను తొంభయ్యారు గుంటల ప్లాస్టిక్ పళ్లెంలో
నాడీకణాలకి నిప్పు పెడుతున్నాను.

నిప్పంటే నిప్పు కాదు,
పుళ్లు కడిగే పెరాక్సైడ్, చుక్కలో ఎన్నో వంతో.
మంట లేదు, పొగ రాదు.
కోసి గాలికి వదిలేసిన వంకాయ ముక్క
ఎలా నల్లబడుతుందో అలాగే,
చాచుకున్న పోగుల్ని లోపలికి లాక్కుని
ఒక్కో కణం గుండ్రంగా ముడుచుకుపోతుంది.

సగం వరసలకి మాత్రం నిన్న రాత్రే
తేయాకులోంచి తీసిన పొడి కలిపి ఉంచాను,
కత్తిపీట దగ్గరికి ముందే
ఉప్పునీళ్ల గిన్నె జరుపుకున్నట్టు.

ఆ వరసలు ఇంకా కొమ్మలేసుకునే ఉన్నాయి.
అన్నీ కాదు. పదింట్లో ఆరో, ఏడో.
కాపాడినదే మిగల్లేదు:
తనే ముందు కాలి
ద్రవాన్ని లేత గోధుమరంగుకి తిప్పింది.
మోతాదు కాస్త పెంచానా,
అదే చెయ్యి ఆ కణాలనే చంపుతుంది.
ఆ గుంటల లెక్కా రాశాను, ఎర్రసిరాతో.

గాజుసామాను కడిగే మోరాగ్ వస్తోంది.
ఈమధ్య ఆమెకంటే ముందు
ట్రేలో బీకర్ల గలగల వస్తోంది.
కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ
కనపడని మాత్రనేదో నలుపుతూనే ఉంటాయి.

"రోజుకి మూడు కప్పులు తాగుతున్నా, నీ గ్రీన్ టీ.
గడ్డి ఉడకేసిన నీళ్లు!
కాసిని పాలు పోస్తే పాపమా?"
ఆ తర్వాత, చేతిని ఏప్రన్ జేబులో దాచుకుని,
"పనిచేస్తుందా?"

నా దగ్గర గ్రాఫుంది.
పళ్లేనికీ మనిషికీ మధ్య
పేగులున్నాయి, రక్తం ఉంది,
మెదడు గుమ్మంలో ఎవర్నీ ఓ పట్టాన రానివ్వని కాపలా ఉంది,
అరవై రెండేళ్లున్నాయి.
ఆ వంతెనకి ఈ చివరే కనిపిస్తోంది నాకు.

"పళ్లెంలో పనిచేసింది" అన్నాను.
"పళ్లేనికి నాలుక లేదుగా, అదృష్టం!" అంది.

మధ్యాహ్నం రెండు కప్పులు పోశాను.
ఆమెది సగానికే, తొణక్కుండా.
వగరు.
ఆరు రుచుల్లో ఎవరూ మారు అడగనిది.
మొహాలు చిట్లించుకుని
అడుగుదాకా తాగాం.

కిటికీలో వంతెన
ఇంకో రెండు స్తంభాల మేర బయటపడింది.