తరుగు

ఐదేళ్ల చదువనుకున్నాం.
రిజిస్టరు కూడా ఐదేళ్లకే కుట్టించాం,
వరంగల్ చౌరస్తాలో బైండింగు చేసే ముసలాయనతో.
నీలం అట్ట, వెన్నుకు ఎర్రగుడ్డ.
అంతకన్నా కాగితం దండగ, అన్నాడు అప్పటి డాక్టరు.
ఎందుకు దండగో ఎవరమూ అడగలేదు.

ఇది పంతొమ్మిదో ఏడు.
నాలుగో రిజిస్టరు.

ఆర్నెల్లకోసారి వస్తారు.
పేర్లుండవు, అంకెలే.
నాకు అంకె చూస్తే మొహం కనిపిస్తుంది.
నూటా నాలుగు, పరకాల నుంచి ఫస్టు బస్సుకు దిగే సాంబలక్ష్మి.
మూడు వందల ఆరు, క్వారీలో ఎడమచెవి పోగొట్టుకున్న మనిషి.
ఎనభై ఎనిమిది, పుట్టుకతోనే వచ్చింది,
మొదటిసారి సూది చూసి బల్లకింద దూరింది,
ఇప్పుడు తన బిడ్డను చంకనేసుకొని వస్తుంది.
ఆ బిడ్డకు లేదు.
రెండుసార్లు పరీక్ష చేశాం, పద్ధతి ప్రకారం.
మూడోసారి వాళ్లమ్మ నిద్ర కోసం చేశాం.

ప్రశ్నలు అరవై రెండు.
గోలీలు ఎన్నిసార్లు మరిచారు?
ఆకలి అవుతోందా?
ఇంట్లో ఎవరికి తెలుసు?
ఈ చివరిదానికి సాంబలక్ష్మిది
మొదటినుంచీ ఒకటే జవాబు:
"గోడకు ఎరుక."
ఫారంలో దానికి గడి లేదు.
'ఎవరికీ తెలియదు' దగ్గర టిక్కు పెడతాను,
గోడకేదో అన్యాయం చేసినట్టుంటుంది.

మొన్న ఓదెలు వచ్చాడు, రెండు వందల పన్నెండు.
ఏనుమాముల మార్కెట్లో దడువాయి.
మిర్చి బస్తాలు తూచీ తూచీ
ఏ దగ్గు రోగానిదో ఏ దగ్గు ఘాటుదో
మమ్మల్ని తేల్చనివ్వని మనిషి.
మా బరువు మిషను ఎక్కేముందు
వంగి, నేల సమంగా ఉందో లేదో అరచేత్తో చూస్తాడు.
"నీ కాంట పావుకిలో తింటున్నది సిస్టరమ్మా"
అన్నాడొకసారి. తింటోంది. బాగుచేయించాం.

టేబుల్ మీద గ్రాఫు కాగితం ఉంది,
మెట్లు మెట్లుగా కిందికి దిగే గీత.
గిదేంది, అన్నాడు.
మొదలు ఆరు వందల నలభై మంది,
ఇప్పుడు ఎంతమందిమి మిగిలామో చెప్పే గీత, అన్నాను.
'మిగిలామో' అన్నానని తర్వాత తట్టింది.

"అంటే తరుగు.
మాకాడ తాలని, తేమని, మట్టని
క్వింటాలుకు ఇంతని తీస్తరు.
మీరు దేని పేరు మీద తీస్తరు?"

చెప్పాను.
చనిపోయినవాళ్లు ఒక వరస.
ఊరు మారినవాళ్లు ఒక వరస.
ఫోను ఎత్తనివాళ్లు,
తలుపు సందులోంచి 'ఆ పేరుతోని ఎవ్వలు లేరు' అన్నవాళ్లు,
అన్నది ఆ పేరు మనిషే అయినా,
జాడ లేనివాళ్లు.

చాలాసేపు గీతను చూశాడు.
ఒక మెట్టు మీద వేలు ఆపాడు.
రెండు వేల పది, ఎండకాలం.
"గీడ మా కొంరమ్మ ఉన్నది."
ఉంది. నూటా డెబ్బై ఒకటి.
కాగితం తిప్పేయబోయాను.
తిప్పనియ్యలేదు.

"మరి మీదో?"
మాదేంటి?
"మీ తరుగు.
నేనొచ్చిన కాణ్ణుంచి డాక్టర్లు తొమ్మిదిమంది మారిన్రు.
నొప్పి లేకుంట రక్తం తీసే శ్రీపతి, ఏ ఊళ్లె ఉన్నడో.
కౌన్సిలింగు మేడం, నవ్వేటామె, చెప్పకుండనే పాయె.
దినాం నడువుమని చెప్పిన సారు
నడుస్త నడుస్తనే కూలిపాయె.
మీరు మా జాడ తీస్తున్నమనుకుంటరు.
మేమూ తీస్తున్నం.
మీలల్ల పాత గింజవు నువ్వొక్కదానివే.
నువ్వు గూడ అద్దాలు వెట్టినవ్."

అద్దాలు తీసి తుడుచుకున్నాను.
నిజంగానే మసకగా ఉన్నాయి.

రక్తం తీశాను. రెండు గొట్టాలు.
వారానికి రిపోర్టు వస్తుంది, 'కనిపించలేదు' అని.
మా దగ్గర అన్నిటికన్నా మంచి మాట అదే,
పురుగు గురించైతే.
మనిషి గురించైతే
ఆ మాట రాసేముందు
నేను మూడుసార్లు బస్సెక్కి పోతాను.

వచ్చే తారీఖు కార్డు మీద రాస్తుంటే
మిర్చి సీజను, పదిరోజులు ఎనుకకు జరుపమని బేరమాడాడు.
జరిపాను.
లేచి, తలుపుదాకా పోయి, మళ్లీ వచ్చాడు.
"ఎక్కు."
ఎక్కాను.
బస్తా తూచినప్పటిలెక్క అంకెను గట్టిగా కేక వేశాడు.
హాల్లో కూర్చున్నవాళ్లంతా తలలెత్తారు.
చెప్పులు విప్పడం మరిచానని అప్పుడు చూసుకున్నాను.

"చెప్పులకు పావుకిలో," అన్నాడు.
"పోనియ్. నీకు తియ్య."